గెట్టు మీద నుంచి గీసిన పటం

మా గైడు గారికి బ్లాగు అన్న మాటే గిట్టేది కాదు. మొదటిసారి చెప్పినప్పుడు, "అంటే వంటలూ అవీ పెడతారు చూడమ్మా, అదేనా?" అని అమాయకంగానే అడిగారు. రెండోసారి అదే ప్రశ్న వెక్కిరింపుగా అడిగారు. మూడోసారి తలుపు వేయించి మరీ కోప్పడ్డారు. నాలుగోసారి ఆయన నోట ఆ మాట వచ్చినప్పుడు మాత్రం నేను కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని విన్నాను. ఎందుకు వేసుకోకూడదు? సంపాదించుకున్నాను.

అప్పటికి నేను జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్ని. మెట్టినిల్లు తొర్రూరు దగ్గర ఒక పల్లె. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు, మధ్యలో నాలుగు పాఠాలు. వీటి సందుల్లో ఇరికించుకున్న ఒక పీహెచ్‌డీ. నా విషయం వినగానే నవ్వు ఆపుకునేవాళ్లను చాలామందిని చూశాను, మీరూ నవ్వుకోండి: పొలం మడుల పేర్లు. పట్టాదారు పాసుబుక్కులో ఉండేది సర్వే నంబరే. ఊరివాళ్ల నోట్లో మాత్రం ప్రతి మడికీ ఒక పేరుంటుంది. బాయికాడి మడి, చింతకింది మడి, పెద్దోళ్ల మడి, కొన్న మడి. జనగామ జిల్లాలో స్టేషన్ ఘన్‌పూర్ వైపు ఒక ఊరు, మహబూబాబాద్ జిల్లాలో గూడూరు వైపు ఒక తండా, భూపాలపల్లి దగ్గర బొగ్గు గనికి పొలాలు పోయిన ఇంకో ఊరు. ఈ మూడు చోట్లా ఆ పేర్లు ఏరుకొచ్చి, పటాలు గీసి, అవి ఎందుకు పడ్డాయో చెప్పాలి. అదీ నా పని.

బ్లాగు ఎందుకు మొదలుపెట్టానంటే, చదివేవాళ్లు లేక. ఒక అధ్యాయం రాసి గైడు గారికి ఇస్తే అది ఆయన బల్ల మీద నాలుగు నెలలు పడుకునేది. లేచి వచ్చేటప్పుడు రెండు చోట్ల ఎర్ర గీత, ఒక చోట టీ మరక. ఇంకెవరూ చూడరు. ఐదారేళ్లు ఎవరూ చదవని రాత రాస్తూ కూర్చుంటే మనిషికి పిచ్చెక్కుతుంది. ఒక ఆదివారం ఇంట్లో పని అంతా అయ్యాక ఫోన్లోనే ఒక బ్లాగు తెరిచాను. వారానికి ఒక మడి. పెన్సిలుతో గీసిన చిన్న పటం, ఆ మడి పేరు, దాని కథ. అంతే.

అబ్బో, ఏం సంబరం! మూడో వారానికే హైదరాబాదులో ఆటో నడుపుకునే ఒకాయన, "ఇది మా తాత మడి మేడం, దాంట్ల మామిడిచెట్టు నేనే పెట్టిన" అని రాశాడు. గల్ఫ్‌లో పనిచేసే ఒకాయన తన ఊరి మడుల పేర్లు అన్నీ వరసగా రాసి, చివర్లో "పేర్లు రాస్తుంటె ఊర్ల తిరిగొచ్చినట్టున్నది" అన్నాడు. నేను ఆ మాటలు బస్సులో పక్క సీటు ఆమెకు కూడా చదివి వినిపించేదాన్ని. ఇంకో మేలు కూడా జరిగింది. థీసిస్‌లో "స్థానిక నామకరణ వ్యవస్థల సామాజిక ప్రాతిపదిక" అని రాసే నేను, బ్లాగులో "ఈ మడికి ఈ పేరు ఎందుకొచ్చిందంటే" అని రాయాల్సి వచ్చేది. అలా రాయబోతే నాకు తెలియనిది ఎంతుందో వెంటనే బయటపడేది. పెద్ద మాటల కింద చాలా అజ్ఞానం దాచుకోవచ్చు. బ్లాగులో దాచుకోవడానికి చోటు లేదు.

ఇక మా అత్త. ఆమె నాట్ల గుంపుకు పెద్ద. పదిహేను మంది ఆడవాళ్లను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని, వానకాలం, యాసంగి రెండు పంటలకూ మండలాలు దాటి పోయి వరి నాట్లు వేసి వస్తుంది. నోరు పెద్దది, నడుము గట్టిది. నాకూ ఆమెకూ పడదని కాదు, పడిందీ లేదు. నేను ఫోను పట్టుకుని కూర్చుంటే చాలు, "ఏందే, ఇయ్యాల ఫోన్ల ఎన్ని మడులు నాటినవ్?" అని అడిగేది. నేను పళ్లు నూరుకునేదాన్ని.

అప్పటికే యూనివర్సిటీ వాళ్లు నా గడువు ఒకసారి పెంచారు, రెండోసారి పెంచారు. మూడోసారి ఇచ్చిన కాగితంలో "ఇదే చివరిది" అని రాసి కింద గీత కూడా గీశారు. ఆ లోపల థీసిస్ ఇచ్చి, వైవా గట్టెక్కకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ల చాకిరీ గోదాట్లో కలిసిపోతుంది. డాక్టరేట్ లేకపోతే పర్మనెంటు ఉద్యోగానికి దరఖాస్తు కూడా పెట్టుకోలేను, జీవితాంతం గంటల లెక్కన పాఠాలు చెప్పుకోవాల్సిందే. మిగిలింది మూడో అధ్యాయం ఒక్కటే. పటాల అధ్యాయం. థీసిస్ అంతా దాని మీదే నిలబడాలి.

ఘన్‌పూర్ వైపు ఊరి పటం పూర్తయిన రోజు నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. నలభై ఒక్క మడులు, నలభై ఒక్క పేర్లు, ఒక్క ఖాళీ లేదు. ఆ రోజే బ్లాగులో పెట్టేశాను. "సంపూర్ణ పటం" అని శీర్షిక కూడా పెట్టాను, ఎంత పొగరో చూడండి. రెండు రోజులకు దాని కింద ఒక వ్యాఖ్య వచ్చింది. రాసింది ఆ ఊరి ఆమే. డిగ్రీ చదివి, ఇంట్లో బట్టలు కుడుతూ, నాట్లప్పుడు కూలికి పోయే మనిషి. "అక్కా, నిన్న నాట్ల కాడ సద్ది తినేటప్పుడు మీ పటం అందరికి చదివి వినిపించిన. మస్తు నవ్విండ్రు. సగం పేర్లు ఎవ్వరికి తెల్వయి. మేం ఆ మడులను గట్ల పిలువం."

నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే జవాబు కొట్టాను: "ఇవి పట్టాదారుల నుంచి స్వయంగా సేకరించిన పేర్లు. పరిశీలించి వ్యాఖ్యానించగలరు." ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె నుంచి ఒక్క వాక్యం తిరిగొచ్చింది. "పట్టాదార్లు నాటెయ్యరు గదా అక్క."

సాయంత్రం మా అత్త చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. కోపం ఎవరి మీదో ఒకరి మీద కక్కాలి కాబట్టి ఆమె ముందే చదివి, చూడు ఎట్లా రాసిందో అన్నాను. అత్త చేట ఆపింది.

"ఆ పిల్ల మంచిగనే చెప్పింది," అంది. "మొగోళ్లు చెప్పిన పేర్లా అవి? వాళ్లు గెట్టు మీద నిలవడి చూస్తరు. బురదల దిగేది మేము."

"అయితే మీకు వేరే పేర్లున్నాయా?"

"ఎందుకుండయి? మనయి మూడు మడులు. నీ మొగడేం చెప్పిండు?"

"బాయికాడి మడి, తూర్పు మడి, కొన్న మడి."

అత్త ముసిముసిగా నవ్వింది. "గవి కాయితపు పేర్లు. మాకైతె జెలగల మడి, నడుములిరిగే మడి, ముచ్చట్ల మడి."

"ముచ్చట్ల మడా?"

"ఆ. బురద మెత్తగుంటది, కాళ్లను గుంజదు. ముచ్చట వెట్టుకుంట నాటేస్తం. రేపు ఏ మడి అంటె, పేరు వినంగనే సమజైతది. జెలగల మడి అంటె కాళ్లకు సున్నం రాసుకొని పోతం. నడుములిరిగే మడి అంటె బాలింతలను తోలుకపోము. మొగోళ్ల పేరు ఎవ్వలదో చెప్తది. మా పేరు ఎట్లుంటదో చెప్తది."

ఆరేళ్లు నేను లైబ్రరీలో వెతికిన వాక్యం, మా వంటింటి గడపలో, బియ్యం చేట మీద పడి ఉంది. పెళ్లయి ఎనిమిదేళ్లు. ఆమెతో ఒకే కప్పు కింద. ఒక్కనాడు అడగలేదు.

ఎందుకు అడగలేదో ఆ రాత్రంతా ఆలోచించాను. నేను ఇక్కడి దాన్ని. మా వైపు ఏ ఇంటికి పోయినా, భూమి సంగతి మాట్లాడాలంటే వాకిట్లోనే "అన్న ఉన్నడా?" అని అడుగుతాం. ఆడమనిషి ఎదురైతే ఆమే "ఆయన్నడుగు" అంటుంది. మర్యాద అది. బయటి నుంచి వచ్చినవాళ్లైతే ఎవరు ఎదురుపడితే వాళ్లను అడిగేవాళ్లేమో. నాకు మర్యాద తెలుసు కాబట్టి మూడు జిల్లాల్లోనూ ఒక్క ఆడమనిషిని అడగకుండా, చక్కగా, పద్ధతిగా తప్పు చేశాను.

మర్నాడు బ్లాగులో "నా పటం తప్పు" అని పెట్టాను. ఎవరు చెప్పారో, ఎట్లా తప్పో, నేను ఆమెకు ఎంత తలతిక్క జవాబు ఇచ్చానో అంతా రాశాను. గైడు గారు ఆ వారమే పిలిపించారు. తలుపు వేయించింది ఆ రోజే.

"రేపు ఎగ్జామినర్ నీ పేరు కొట్టి వెతికితే మొదట వచ్చేది ఇదే. నీ చాప్టర్ తప్పని నువ్వే దండోరా వేసుకుంటున్నావు. నేనెట్లా కాపాడాలమ్మా నిన్ను? తీసేయ్. ఆ ఆడవాళ్ల పేర్లు ఏమన్నా ఉంటే ఒక ఫుట్‌నోట్ పెట్టు, చాలు. థీసిస్ అయ్యేదాకా ఆ బ్లాగు బంద్ చెయ్."

ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. నాకూ భయమే. కానీ ఫుట్‌నోట్ అన్నాడు చూడండి, అక్కడ నాకు మండింది. నడుములు విరిగేలా వంగినవాళ్లు పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉండాలా?

"తీసేయను సార్," అన్నాను. "మళ్లీ మొదటి నుంచి గీస్తాను."

"గడువు?"

"ఉన్నంతలోనే."

ఆయన ఫైలు మూసేశారు. ఆ తర్వాత కొన్ని నెలలు నా ఫోను ఎత్తలేదు.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను, నాతో ఊళ్లకు రావాలి, ఆడవాళ్లను కూర్చోబెట్టి పేర్లు అడుగుదాం అని. అత్త తల అడ్డంగా ఊపింది. "కూసోవెట్టి అడిగితె ఎవలకు యాదికొస్తయే? కాలు వెట్టినంక కాలే చెప్తది. నీకు పేర్లు కావాల్నంటె చీర ఎగ్గట్టు, మడిల దిగు." నేను లెక్చరర్ని అన్నాను. "అయితె ఊకో మరి," అంది.

దిగాను. ఆ వానకాలం సెలవుల్లో, శని, ఆదివారాల్లో అత్త గుంపుతో ట్రాలీ ఆటో ఎక్కి ఘన్‌పూర్ వైపు ఊరికి పోయాను. వ్యాఖ్య రాసిన ఆమె గెట్టు మీదే ఎదురొచ్చి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "పటం అక్క మీరేనా?" అని నవ్వింది. క్షమించమన్నాను. "గదంత తర్వాత, ముందు నారు కట్ట పట్టుకోండ్రి మేడం," అంది.

నాట్లు వేసేవాళ్లు వెనక్కి నడుస్తారు. ఇది నాకు తెలుసు, థీసిస్‌లో కూడా రాశాను. రాయడం వేరు, బురదలో వంగి వెనక్కి అడుగేయడం వేరు. రెండో రోజు, పట్టాదారు "నడిమి మడి" అని చెప్పిన మడిలో, నేను వెనక్కి వేసిన కాలు ఒక గుంతలో దిగబడింది. నారు కట్టతో సహా వెల్లకిలా పడ్డాను. కళ్లజోడు ఎటు పోయిందో తెలియదు. ఆడవాళ్లు నవ్వీ నవ్వీ నిలబడలేక గెట్టు మీద కూలబడ్డారు. మా అత్తైతే కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "లే, లే, యూనివర్సిటోళ్లు చూస్తరు," అంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు.

కానీ ఆమె చెప్పింది అక్షరాలా నిజం. సద్ది దగ్గర అడిగితే "ఏమో బిడ్డా" అన్నవాళ్లే, మడిలో కాలు పెట్టగానే ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పేవారు. రాళ్ల మడి, పాము మడి, ఊట మడి, సద్ది మడి. పసిపిల్లల తల్లులు గెట్టు మీది చెట్టుకు చీరతో తొట్టె కట్టుకునే చోటికి తొట్టెల మడి. గూడూరు వైపు తండాలో పేర్లన్నీ వాళ్ల ఇంటి భాషలో వచ్చాయి. అక్కడి ఆడవాళ్లు ఒక్కో పేరు నాతో పదిసార్లు పలికించి, సరిగ్గా పలికాకే అర్థం చెప్పారు. ప్రతి వారం బ్లాగులో పెట్టేదాన్ని. ప్రతి వారం ఎవరో ఒకరు సద్ది వేళ చదివి వినిపించి, తప్పులు తిరిగి పంపేవారు. గైడు గారి బల్ల మీద నాలుగు నెలలు పట్టే పని పొలంలో ఒక మధ్యాహ్నంలో అయిపోయేది.

భూపాలపల్లి దగ్గర మాత్రం గోడకు తల కొట్టుకున్నట్టయింది. అక్కడ కాలు పెట్టడానికి మడులే లేవు. పొలాలు గనిలోకి పోయి ఏళ్లయింది, మనుషులు కాలనీకి మారారు. వరసగా ఇళ్లు, మధ్యలో సిమెంటు రోడ్డు. ఆడవాళ్లు మంచినీళ్లు ఇచ్చి, మర్యాదగా కూర్చోబెట్టి, "పొలాలే లేవు, ఇంక పేర్లెక్కడియి బిడ్డా," అన్నారు. నేను నోటుబుక్కు మూసేశాను. మూడో ఊరు లేకపోతే అధ్యాయం కుంటిదే.

మా అత్త లేచి, "ఇంట్ల ముగ్గుపిండి ఉన్నదా?" అని అడిగింది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఎవరో డబ్బా తెచ్చి ఇచ్చారు. అత్త రోడ్డు మీద ఒక పొడుగు గీత లాగింది. "ఇగో, ఇది మీ కాలువ అనుకోండ్రి. మీ మోటరు బాయి ఎక్కడుండె?"

"గాడ కాదు, జర గిటు," అంది ఒకామె. ఇంకొకామె, "కాదే, కాలువకు అవుతల," అని డబ్బా లాక్కుంది. ఐదు నిమిషాల్లో డబ్బా చేతులు మారుతూ మారుతూ రోడ్డంతా మడులైంది. పక్కింటి వాళ్లు వచ్చారు, ఆ పక్కవాళ్లు వచ్చారు. అప్పుడు అందరికంటే పెద్దామె, అరవై దాటి ఉంటుంది, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ముగ్గు గీత దాటి లోపలికి దిగింది. నిజంగానే వంగింది. సిమెంటు మీద చెయ్యి ఆనించి, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ చెప్పుకుంటూ పోయింది. "ఇది రాళ్ల మడి. దీంట్ల నా కాలిగోరు వోయింది. ఇది ఊట మడి. ఇది ఎండ మడి, నీడ అన్నది లేకుండె." ఇంకో ఇద్దరు ఆమె పక్కన వంగారు. పేర్లు వస్తూనే ఉన్నాయి. నా చెయ్యి రాయలేక నొప్పి పుట్టింది. ఒక మడి దగ్గర పెద్దామె ఆగి, నడుము ఎత్తి, చెయ్యి పైకి చాపింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. "ఇది తొట్టెల మడి. కొమ్మ గిక్కడుండె. నా పెద్దోడు గీడనే నిద్రవోయేటోడు," అంది.

నేను అందరి ముందే ఏడ్చేశాను. అత్త నన్ను తిట్టలేదు. నా చేతిలో పుస్తకం జారిపోతుంటే పట్టుకుంది.

ఆ రోజు ముగ్గు మీది పాదాల ఫొటోలు, పేర్లతో సహా బ్లాగులో పెట్టాను. అదే ఊరి నుంచి వేరే కాలనీలకు, వేరే పట్నాలకు పోయిన ఆడవాళ్లు తమ పిల్లల చేత రాయించారు. మిగిలిన ఖాళీలన్నీ పది రోజుల్లో నిండాయి. థీసిస్ అప్పజెప్పాల్సిన తేదీకి రెండు రోజుల ముందు నేను కొత్త మూడో అధ్యాయం పట్టుకుపోయి గైడు గారి ముందు పెట్టాను. ఆయన అక్కడే కూర్చుని, మొదటిసారి, నా కళ్లెదుట, చివరిదాకా చదివారు. "కామాలు చూసుకో," అని సంతకం పెట్టారు. టీ తాగలేదు.

యాసంగి నాట్లు కూడా దాటి, చివరి గడువు దగ్గర పడ్డాక వైవా పెట్టారు. ఆ రోజు అత్త నాకంటే ముందే తయారైంది. ఎవరైనా వచ్చి వినొచ్చని ఆమెకు ముందే చెప్పి ఉన్నాను, అందుకని ఘన్‌పూర్ వైపు ఊరి నుంచి వ్యాఖ్య రాసిన ఆమెనూ, ఇంకో ముగ్గురినీ వెంటబెట్టుకొచ్చింది. సెమినార్ హాల్లో వెనక వరసలో ఐదుగురూ పట్టుచీరల్లో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పరీక్ష చేసేందుకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ పెద్దావిడ, తల నెరిసింది, మాట తక్కువ. నేను చెప్పిందంతా విని, థీసిస్ మూసి, మెల్లగా అడిగింది.

"ఈ పేర్లకు మీ బ్లాగు కంటే ముందు ఒక్క కాగితం మీద కూడా ఆధారం లేదు. మీరు గుచ్చి గుచ్చి అడిగారు కాబట్టి చెప్పారేమో. బ్లాగు విని ఒకరిని చూసి ఒకరు చెప్పారేమో. మీరు లేనప్పుడు కూడా వీళ్లు మడులకు ఇట్లా పేర్లు పెట్టుకుంటారని నాకు ఎలా తెలియాలి?"

మంచి ప్రశ్న. నేను అడిగినా అదే అడిగేదాన్ని. ఏది చూపించినా నేను అడిగిందే, నేను రాసిందే. దేన్ని చూసి ఇన్నాళ్లూ మురిసిపోయానో ఆ బ్లాగే నా మెడకు చుట్టుకుంది. సవరణలకని వెనక్కి పంపితే గడువు దాటిపోతుంది, రిజిస్ట్రేషన్ పోతుంది. గైడు గారు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు.

వెనక వరసలో కదలిక. మా అత్త మోచేత్తో పొడిస్తే వ్యాఖ్య రాసిన ఆమె లేచి నిలబడింది. "మేడం, జర నేనొక మాట చెప్పొచ్చా?"

ప్రొఫెసరమ్మ చెప్పమంది.

"మా ఊర్ల నడిమి మడి అని ఉన్నది. మొన్నటి యాసంగి కెల్లి దానికి మాలో కొత్త పేరు వడ్డది. ఈ అక్కకు తెల్వదు. మేం చెప్పలే. బ్లాగుల లేదు, ఈ బుక్కుల గూడ లేదు."

నేను తిరిగి చూశాను. నిజంగా నాకు తెలియదు. ప్రొఫెసరమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఆగండి, మీరు చెప్పకండి." వరస చివర కూర్చున్న, ఘన్‌పూర్ వైపు ఊరి పెద్దామెను చూపించింది. "అమ్మా, మీరు ఈ బ్లాగు విన్నారా?"

"నాకు ఫోనే లేదు బిడ్డా. చెవులు గూడ అంతంతే."

"ఆ నడిమి మడిని మీరు ఇప్పుడు ఏమంటారు?"

పెద్దామె నా వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మిగతావాళ్లూ నవ్వు ఆపుకోలేకపోతున్నారు. "చెప్పు, ఏం గాదు," అంది అత్త.

"మేడం పడ్డ మడి."

హాలంతా గొల్లుమంది. ప్రొఫెసరమ్మ ఎందుకట్లా అని అడిగింది. "ఆడ గుంత ఉన్నది బిడ్డా, పైకి కానరాదు," అంది పెద్దామె, నవ్వు ఆపి, చాలా బాధ్యతగా. "రేపు మేడం పడ్డ మడి అంటె కొత్తగ వచ్చిన పోరిలు గూడ పైలంగ అడుగేస్తరు."

ప్రొఫెసరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మీ సిద్ధాంతం మీ మీదే రుజువైంది," అంది నాతో. "నాకు ఇంకేం ప్రశ్నలు లేవు."

పది నిమిషాలు బయట కూర్చోబెట్టి, లోపలికి పిలిచి, డాక్టరేట్‌కు సిఫారసు చేస్తున్నామని చెప్పారు. చప్పట్లలో మా అత్త చప్పుడే ఎక్కువ. ఆ తర్వాత గైడు గారి గదిలో టీలు, సమోసాలు. కొత్తగా చేరిన ఒక పరిశోధక విద్యార్థిని ఆయన ముందు నిలబడి ఉంది. "నువ్వు కూడా ఒక బ్లాగు పెట్టుకోమ్మా, రాత మెరుగుపడుతుంది, తప్పులు తెలుస్తాయి," అన్నారాయన, ఆ ఆలోచన తనదే అయినట్టు. అదే నాలుగోసారి. నేను కాలు మీద కాలు వేసుకున్నది అప్పుడే.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఫోను తీసి ఘన్‌పూర్ వైపు ఊరి పటం తెరిచాను. నడిమి మడి పక్కన కొత్త పేరు చేర్చాను, కింద ఎవరు చెప్పారో, ఎవరు పడ్డారో రాశాను. నాకంటూ ఎక్కడా గుంట భూమి లేదు. ఏ పాసుబుక్కులోనూ నా పేరు లేదు. కానీ ఆ మడిలో దిగే ప్రతి ఆడమనిషీ నన్ను తలుచుకునే దిగుతుంది. కిటికీ దగ్గర కూర్చున్న అత్తకు చదివి వినిపించాను. గర్వంతో కడుపు నిండిపోయి ఉంది నాకు, దాచుకోలేకపోయాను.

"ఇన్నేండ్లు రిజిస్ట్రేషన్ తీసేస్తరు, తీసేస్తరు అని పరేషాన్ అయితివి," అంది అత్త, కళ్లు మూసుకునే. "గా పేరు ఎవ్వలు తీసేస్తరో తీసెయ్యుమను, చూద్దాం."